మావాడు అన్నీ తింటాడండీ!

తెలుగునాట అల్లోపతి, ఆయుర్వేదం, హోమియోపతి కాక ఇంకో వైద్యం ఉంది. దాని పేరు "ఏం కాదులెండి". దీనికి డిగ్రీ అక్కర్లేదు, ఫీజు లేదు, రోగిని చూడాల్సిన పని కూడా లేదు. ఫోన్లో వాట్సాప్ ఉంటే చాలు. మనుషుల మీద ఈ వైద్యం చేస్తే రోగి కనీసం "నాకు నొప్పిగా ఉంది మహాప్రభో" అని మొత్తుకోగలడు. కుక్కకీ పిల్లికీ ఆ సదుపాయం లేదు. అంచేత వాటి తరఫున ఈ టపా.

విషయం ఇదీ. పోయిన దీపావళికి మా అపార్ట్‌మెంట్లో ఒకాయనకి ఎవరో డ్రైఫ్రూట్స్ డబ్బా ఇచ్చారు. వాళ్ళింట్లో ఓ బీగిల్ ఉంది. టీపాయ్ మీద పెట్టిన డబ్బాలోంచి అది కిస్‌మిస్ గడి మొత్తం ఖాళీ చేసింది. ఆయన పాపం బుద్ధిగా రాత్రి తొమ్మిదింటికి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అడిగాడు: "మావాడు గుప్పెడు కిస్‌మిస్ తినేశాడు, ఏమన్నా అవుతుందా?"

అరగంటలో ఇరవై పైచిలుకు జవాబులు. "ఏం కాదు బ్రో, చిల్." "మా ల్యాబ్ రోజూ తింటుంది సర్, ఐరన్ మంచిది." "కాస్త పెరుగన్నం పెట్టండి, చలవ చేస్తుంది." "మా ఊళ్ళో కుక్కలు రాళ్ళు కూడా అరిగించుకుంటాయి :)". వీటి మధ్యలో డిగ్రీ చదివే ఒకమ్మాయి "అంకుల్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకి విషం. ఇప్పుడే వెట్ దగ్గరికి తీసుకెళ్ళండి" అని రాసింది. దానికి ఒక పెద్దమనిషి ఇచ్చిన సమాధానం: "గూగుల్ చూసి అందర్నీ భయపెట్టకమ్మా." ఆ సమాధానానికి ఎనిమిది బొటనవేళ్ళు!

ఆ రాత్రి కుక్క రెండుసార్లు వాంతి చేసుకుంది. "కక్కేశాడుగా, ఇహ పోయినట్టే" అని గ్రూపులో ఇంకో తీర్పు. మూడో రోజుకి మూత్రం ఆగిపోయింది. అప్పుడు ఆస్పత్రి, సెలైన్లు, రక్తపరీక్షలు. కిడ్నీలు రెండూ పోయాయి అన్నారు. ఐదో రోజు చనిపోయింది. గ్రూపులో అందరూ దండం పెడుతున్న చేతుల బొమ్మలు పెట్టారు. ఆ ఎనిమిది బొటనవేళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. సగం మంది నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళే. ప్రొడక్షన్లో ఒక లైను మార్చాలంటే ఇద్దరు రివ్యూ చెయ్యాలనేవాళ్ళు, లాగ్ చూడకుండా మాట్లాడితే జూనియర్ని ఉతికేవాళ్ళు. అలాంటివాళ్ళు ఒక ప్రాణం విషయంలో మాత్రం ఏ ఆధారమూ లేకుండా "ఏం కాదు" అని అప్రూవల్ ఇచ్చేస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. సరే, తిట్లు పక్కనపెట్టి వీళ్ళ వాదనలు ఒక్కొక్కటే చూద్దాం.

వాదన 1: "మావాడు రోజూ తింటాడు, వాడికేం కాలేదు"

దీన్ని మన భాషలో ఏమంటారో మీకు తెలుసు. "నా మెషిన్లో బానే పనిచేస్తోంది". టెస్టర్ బగ్ వేసినప్పుడు ఈ మాటంటే మనమే నవ్వుతాం.

చాకొలెట్ లెక్క చూద్దాం. అందులో కుక్కకి ప్రమాదమైంది ప్రధానంగా థియోబ్రోమిన్, దానికి తోడు కాస్త కెఫీన్. కిలో బరువుకి సుమారు 20 మిల్లీగ్రాముల దగ్గర వాంతులు, ఆయాసం, స్థిమితం లేకపోవడం లాంటివి మొదలవుతాయి. 40, 50 దాటితే గుండె లయ తప్పుతుంది. 60 దగ్గర ఫిట్స్ రావచ్చు. ఇప్పుడు 30 కిలోల ల్యాబ్‌కి 10 గ్రాముల మిల్క్ చాకొలెట్ ముక్క పెట్టారనుకోండి. మిల్క్ చాకొలెట్లో గ్రాముకి ఇది ఉజ్జాయింపుగా 2 మిల్లీగ్రాములు. మొత్తం 20. అంటే కిలోకి ఒక మిల్లీగ్రాము కూడా లేదు. నిజంగానే ఏం కాదు. అదే ఒక 5 కిలోల పొమరేనియన్ 100 గ్రాముల డార్క్ చాకొలెట్ బార్ లాగించింది. గ్రాముకి 5 చొప్పున వేసుకున్నా 500 మిల్లీగ్రాములు. కిలోకి 100. ఫిట్స్ దాటి ప్రాణం పోయే లెక్క అది. రెండిళ్ళలోనూ జరిగింది "కుక్క చాకొలెట్ తినడమే". మొదటి ఇంటాయన రెండో ఇంటాయనకి ఇచ్చే సలహా ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. కేకుల్లో వేసే కోకో పొడి అయితే డార్క్ చాకొలెట్ కంటే ఎన్నో రెట్లు గాఢం.

ద్రాక్ష, కిస్‌మిస్ సంగతి ఇంకా మోసకారిది. వీటితో కుక్కల కిడ్నీలు పాడవుతున్నాయని అమెరికన్ పశువైద్య పత్రికల్లో 2001 ప్రాంతంలో రాశారు. విషం ఏదో మాత్రం ఇరవై ఏళ్ళు అంతు చిక్కలేదు. ఒక కుక్క బోలెడు తిని తోక ఊపుకుంటూ తిరిగేది, ఇంకోటి కొద్దిగా తిని చచ్చిపోయేది. 2021లో అమెరికాలోని ఏఎస్‌పీసీఏ వాళ్ళ పశువుల విష నియంత్రణ కేంద్రం డాక్టర్లు అసలు దోషి టార్టారిక్ ఆసిడ్ అయ్యుండాలని ప్రతిపాదించారు. ద్రాక్ష రకాన్ని బట్టి, పండిన తీరుని బట్టి అందులో ఈ ఆసిడ్ మారిపోతుంటుంది. అంటే నిన్నటి గుత్తికి ఏమీ కాకపోవడం ఇవాళ్టి గుత్తికి హామీ కాదు. "ఇంతవరకు తినొచ్చు" అనే లెక్క దీనికి లేదు. అందుకే ఎంత తిన్నా వెంటనే చూపించమంటారు.

ఇంకో ముఖ్య విషయం: మొదటి రోజు వాంతులతో సరిపెట్టి, కిడ్నీలు ఒకటి నుంచి మూడు రోజుల్లో దెబ్బతింటాయి. మర్నాడు పొద్దున "చూశారా, బానే ఉన్నాడు" అనుకునే సమయంలోనే లోపల పని జరిగిపోతూ ఉంటుంది.

వాదన 2: "వీధికుక్కలు అన్నీ తింటాయి, వాటికే రోగమూ లేదు"

ఇది వింటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. వీధికుక్క చచ్చిపోతే పోస్ట్‌మార్టం ఎవరు చేస్తున్నారు? మున్సిపాలిటీ బండి వచ్చి తీసుకుపోతుంది, అంతే. మీకు రోజూ కనిపించేవి బతికినవి. చచ్చినవి కనిపించవు కాబట్టి లెక్కలోకి రావు.

లెక్క కట్టినవాళ్ళు లేకపోలేదు. కోల్‌కతా ఐసర్ పరిశోధకులు పశ్చిమబెంగాల్లో 95 ఈతల్లో పుట్టిన 364 వీధికుక్క పిల్లల్ని వెంబడించి చూశారు. 2016లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం పిల్లల్ని కనే వయసుదాకా బతికినవి 19 శాతం. అంటే నూటికి 81 పిల్లలు ఆలోపే పోయాయి. అవన్నీ తిండి వల్ల పోయాయని నేననడం లేదు. చాలా చావులకి కారణం మనుషులే, వాహనాలతో సహా. నేననేది ఒకటే. నూటికి 81 రాలిపోయే వీధిని చూపించి "అక్కడ ఏ రోగమూ లేదు" అంటే అది వాదన కాదు, కళ్ళు మూసుకోవడం.

వాదన 3: "మనం తినేదేగా! మనకి మంచిదైంది వాటికి చెడ్డదెలా అవుతుంది?"

ఎలా అంటే, హార్డ్‌వేర్ వేరు కాబట్టి.

థియోబ్రోమిన్ మన ఒంట్లో సగానికి తగ్గడానికి 6 నుంచి 10 గంటలు చాలు. కుక్కలో దాదాపు 17 గంటలకు పైనే. మొదటి ముక్క ఖర్చు కాకముందే రెండో ముక్క వచ్చి చేరుతుంది.

జైలిటాల్. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ముల్లో, కొన్ని టూత్‌పేస్టుల్లో, కొన్ని పీనట్ బటర్లలో వాడే తీపి. మనిషికి దాంతో ఇన్సులిన్ పెద్దగా పెరగదు, అందుకే షుగర్ ఉన్నవాళ్ళకి ఇస్తారు. కుక్కలో సరిగ్గా తలకిందులు. ప్యాంక్రియాస్ ఇన్సులిన్ గుమ్మరిస్తుంది, రక్తంలో చక్కెర తరచుగా గంటలోపే పడిపోతుంది, కుక్క తూలిపోయి కుప్పకూలుతుంది. కిలోకి 0.1 గ్రాము చాలు. 10 కిలోల కుక్కకి ఒక గ్రాము. కొన్ని గమ్ముల్లో ఒక్క బిళ్ళలోనే అంత ఉంటుంది. కిలోకి అర గ్రాము దాటితే లివర్ మీదకి వస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు కుక్కకి మాత్ర మింగించడానికి పీనట్ బటర్ పూస్తుంటారు. ఆ సీసా వెనక ఏం రాసుందో ఒకసారి చదవండి. జైలిటాల్ అనే ఉండక్కర్లేదు, బర్చ్ షుగర్ అనో ఈ967 అనో కూడా రాస్తారు. చిత్రమేమిటంటే పిల్లుల మీద దీని ప్రభావం పెద్దగా కనబడలేదు. కుక్కనీ పిల్లినీ కూడా ఒకే గాటన కట్టకూడదనడానికి ఇదే సాక్ష్యం.

పిల్లి బలహీనత ఇంకోచోట ఉంది. ఉల్లి, వెల్లుల్లిలోని గంధక పదార్థాలు ఎర్రరక్తకణాల్లోని హీమోగ్లోబిన్‌ని పాడుచేస్తాయి, కణాలు చితికిపోయి రక్తహీనత వస్తుంది. ఈ దాడికి తేలిగ్గా దొరికే సల్ఫర్ గ్రూపులు మన హీమోగ్లోబిన్లో రెండుంటే కుక్కకి నాలుగు, పిల్లికి ఎనిమిది. పశువైద్య పుస్తకాల లెక్కలో కుక్కకి కిలోకి 15 నుంచి 30 గ్రాముల ఉల్లిపాయ దగ్గర రక్తంలో తేడా కనబడితే, పిల్లికి 5 గ్రాములు చాలు. నాలుగు కిలోల పిల్లికి 20 గ్రాములన్నమాట. అది చిన్న ఉల్లిపాయలో సగం కూడా కాదు. వేయించినా, ఉడికించినా, ఎండబెట్టి పొడి చేసినా విషం పోదు. వెల్లుల్లి దీనికంటే ఘాటు. మన కూరల్లో, బిర్యానీలో, చికెన్ గ్రేవీలో ఈ రెండూ లేనిదెక్కడ? పైగా లక్షణాలు కొన్ని రోజులు ఆగి వస్తాయి. నీరసం, పాలిపోయిన చిగుళ్ళు, ఎర్రగానో గోధుమరంగులోనో మూత్రం. అప్పటికి ఆదివారం పెట్టిన చికెన్ గ్రేవీ ఎవరికి గుర్తుంటుంది? "వాతావరణం పడలేదు" అంటారు.

పిల్లికి కూడా బిచ్చం పెట్టడు అని పిసినారిని తిడతాం. ఉల్లిపాయ కూర విషయంలో మాత్రం అందరూ ఆ పిసినారిలా ఉంటే మంచిది.

తిండి కాకపోయినా ఇక్కడే ఒక మాట. పిల్లికి ఒళ్ళు వెచ్చగా ఉందని పారాసిటమాల్ వేసే మహానుభావులున్నారు. ఆ మందుని విరిచి బయటికి పంపే ముఖ్యమైన ఎంజైమ్ తయారుచేసే జన్యువు పిల్లి జాతిలో పనిచెయ్యదు. మన 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్కటి చాలు, మామూలు పిల్లి ప్రాణం తియ్యడానికి. దయచేసి వెయ్యకండి.

మనకి మాత్రమే వర్తించే ముచ్చట: చింతపండు

ఇంటర్నెట్లో దొరికే జాబితాలన్నీ దాదాపు పరాయి వంటింటిని చూసి రాసినవి. వాటిలో మెకడేమియా గింజలుంటాయి (కుక్కలకి కాళ్ళు చచ్చుబడతాయి, నిజమే), మన వంటింట్లో అవి కనబడటం అరుదు. మన వంటింట్లో ఉండేది చింతపండు. చింతపండు పులుపు ప్రధానంగా ఏమిటో తెలుసా? పైన చెప్పిన టార్టారిక్ ఆసిడే! ద్రాక్ష గుట్టు విప్పిన ఆ డాక్టర్లే 2022లో ఇంకో పత్రం ప్రచురించారు. బేకింగ్‌లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్, చింతపండు తిన్న కుక్కల్లో అచ్చం ద్రాక్ష తిన్నప్పటిలాగే కిడ్నీలు దెబ్బతిన్న కేసులు అందులో ఉన్నాయి. ఇలాంటి ఆమ్లాల్ని బయటికి తోసెయ్యడంలో కుక్క కిడ్నీలు వెనకబడి ఉంటాయని వాళ్ళ వివరణ.

వేలికంటిన చారు నాకితే కుక్క చచ్చిపోతుందని నేను చెప్పడం లేదు. కానీ నానబెట్టిన చింతపండు గిన్నె, పులిహోర గుజ్జు, చింతపండు చాకొలెట్లు కుక్కకి అందేచోట పెట్టకండి. చారన్నం, పులిహోర, పులుసు అన్నం దానికి రోజువారీ భోజనం చెయ్యకండి. మన భాషలో మనం రాసుకోకపోతే ఈ విషయం మనకి ఇంకెవరు చెప్తారు?

వాదన 4: "అలా చూస్తుంటే పెట్టకుండా ఎలా ఉంటామండీ?"

నిజమే, ఆ చూపుకి కరగనివాడు మనిషి కాడు. కానీ కుక్క చూసేది మీ పళ్ళెంలో చాకొలెట్ కేకుందని కాదు, మీరు తింటున్నారని. ఉడికించిన క్యారెట్ ముక్క పెట్టినా అంతే సంబరపడుతుంది. కేకే పెట్టాలన్న కోరిక మనది. దాన్ని ప్రేమ పేరుతో దాని ఖాతాలో రాస్తున్నాం. పార్టీల్లో కుక్క గిన్నెలో బీరు పోసి వీడియో తీసేవాళ్ళ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆల్కహాలు దానికి విషం, ఆ వీడియోకి లైకులు మీకు.

వాదన 5: "ప్యాకెట్ తిండి మాత్రం సుద్దపూసా?"

కాదు. 2007లో అమెరికాలో పెద్ద పెద్ద పేర్లున్న పెట్ ఫుడ్‌లే వెనక్కి తెప్పించారు. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్లో ప్రోటీన్ ఎక్కువ చూపించడానికి మెలమిన్ కలిపారు, కుక్కలూ పిల్లులూ కిడ్నీలు పోయి చచ్చాయి. కాబట్టి కంపెనీల తరఫున వకాల్తా పుచ్చుకునే పని నాకు లేదు. ఇంటి తిండి భేషుగ్గా పెట్టండి. ఉల్లీ వెల్లుల్లీ మసాలా లేకుండా ఉడికించిన మాంసం, అన్నం, గుడ్డు, గుమ్మడికాయ. బొమికలు తీసేసి పెట్టండి. ఉడికిన కోడి ఎముక సూదుల్లా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. రోజూ ఇంటి తిండే అయితే పాళ్ళు ఒక వెట్ చేత రాయించుకోండి.

ఇంట్లో మాంసం ముట్టనివాళ్ళు పిల్లిని పెరుగన్నం మీద పెంచితే అది ఇంకోరకం ప్రమాదం. పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోంచే రావాలి, అది మాంసంలో ఉంటుంది. అది తక్కువైతే కళ్ళు పోతాయి, గుండె కండరం వదులైపోతుంది. గుండె సంగతి 1987లోనే కాలిఫోర్నియా పరిశోధకులు సైన్స్ పత్రికలో నిరూపించారు. మీ నియమం మీది, నాకు గౌరవమే. పిల్లి ఏ నియమమూ పట్టలేదు.

ఇహ రెండో వైపు

అన్నీ విషమే అని ఫార్వర్డ్ చేసేవాళ్ళూ తక్కువ తినలేదు. పాలు పిల్లికి విషం కాదు. పెద్దయ్యాక చాలా పిల్లులకి పాలలోని లాక్టోజ్ అరగక విరేచనాలవుతాయి, అంతే. వైట్ చాకొలెట్లో థియోబ్రోమిన్ దాదాపు లేదు, కానీ కొవ్వు బోలెడు. నెయ్యి, వేపుళ్ళు ఒక్కసారిగా ఎక్కువ తింటే కుక్కలకి ప్యాంక్రియాస్ వాపు రావచ్చు. ఏది చంపుతుంది, ఏది కడుపు పాడుచేస్తుంది అనే తేడా లేకుండా నలభై పేర్ల జాబితా పంపితే జనం నలభైనీ కొట్టిపారేస్తారు. అప్పుడు కిస్‌మిస్ కూడా అందులోనే కొట్టుకుపోతుంది. "ఏం కాదులెండి" వైద్యానికి వీళ్ళు తమకి తెలియకుండానే ప్రచారకర్తలు.

అయితే ఏం చెయ్యాలి? పెద్ద బ్రహ్మవిద్య కాదు.

1. రాత్రి తెరిచి ఉండే పశువుల ఆస్పత్రి మీకు దగ్గర్లో ఏదో ఇవాళే కనుక్కుని నంబరు ఫోన్లో పెట్టుకోండి. అవసరం పడ్డాక వెతికితే ఆ అరగంట పోతుంది.

2. ఏదైనా తిన్నట్టు తెలిస్తే లక్షణాల కోసం కూర్చోకండి. ఏం తింది, ఎంత తింది, ఎప్పుడు తింది, దాని బరువెంత. ఈ నాలుగూ డాక్టరుకి చెప్పండి. ప్యాకెట్ ఉంటే పట్టుకెళ్ళండి. తిన్న గంటా రెండు గంటల్లోపు అయితే డాక్టరు వాంతి చేయించి చాలామటుకు బయటికి తీసెయ్యగలడు.

3. మీరే ఉప్పునీళ్ళు పట్టించి కక్కించకండి. ఆ ఉప్పే ఇంకో విషమవుతుంది.

4. ఇంట్లో పనిచేసేవాళ్ళకీ, పిల్లలకీ, వచ్చిన చుట్టాలకీ చెప్పండి. "నాలుగు పెట్టొద్దు: చాకొలెట్, ద్రాక్ష-కిస్‌మిస్, ఉల్లి-వెల్లుల్లి, షుగర్‌ఫ్రీవి." ఫ్రిజ్ మీద అంటించండి. మొహమాటపడకండి. మీ అత్తగారు కోప్పడితే నా పేరు చెప్పండి :)

చివరిగా, గ్రూపుల్లో జవాబులిచ్చే సోదరసోదరీమణులకి ఒక మనవి. మీకు తెలియని విషయం ఎవరైనా అడిగినప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి "డాక్టర్ని అడగండి" అనడం. రెండోది ఊరుకోవడం. రెండూ ఖర్చు లేనివే. మీ మాట విని ఆస్పత్రికి వెళ్ళి, ఏమీ లేదని తేలితే పోయేది కాస్త డబ్బు, కాస్త నిద్ర. మీ మాట విని వెళ్ళకుండా ఉండిపోతే పోయేది ఏమిటో ఇంతసేపూ చెప్పాను.

కింద వ్యాఖ్యల్లో "మావాడు పదేళ్ళుగా ద్రాక్ష తింటున్నాడు, ఇదంతా సోది" అని రాయబోయేవారికి ముందే చెప్తున్నా. మీవాడు నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి. ఆ అదృష్టం మీవాడిది. దాన్ని పక్కింటివాడికి మందుచీటీగా రాసివ్వకండి.